ఒక్కడు తగ్గితే నాలుగువందల ఇరవైమూడు

మా ఊళ్లో కోతుల బాధ ఉంది. ఇందులో చెప్పుకోదగ్గ విశేషమేమీ లేదు, చుట్టుపక్కల ఏ ఊళ్లో లేదు గనక! విశేషమల్లా ఏమిటంటే, ఆ బాధను గణితశాస్త్రంతో తీర్చుకున్న పురపాలక సంఘం మాది ఒక్కటే. అందులో నేను జూనియర్ అసిస్టెంటును. పేరు దూస సంపత్. వయసు ముప్పై నాలుగు. జుట్టు గురించి దయచేసి అడక్కండి.

అంతకుముందు ఎక్కడన్నా కోతులు పడ్డాయని ఫోనొస్తే, ఇద్దరు మనుషులు టపాకాయలు పట్టుకుని వెళ్లేవాళ్లు. కోతులు పక్క వార్డుకు పోయేవి. పక్క వార్డు నుంచి ఫోనొచ్చేది. ఆ ఇద్దరే మళ్లీ అక్కడికి పోయేవాళ్లు. పని అయినట్టూ ఉండేది, కానట్టూ ఉండేది. సర్కారీ ఆఫీసుకు అంతకంటే హాయైన ఏర్పాటు ఏముంటుంది? ఆ హాయిని చెడగొట్టింది మా కమిషనర్ విద్యాసాగర్ గారు. ఆయన హైదరాబాదులో ఏదో శిక్షణకు వెళ్లి 'డేటా ఆధారిత పరిపాలన' అనే మాటను వెంటబెట్టుకుని వచ్చారు. మాటతోపాటు ఒక మనిషిని కూడా తెచ్చారు.

ఆ మనిషి పరాంకుశం గారు. గణితంలో డాక్టరేటు. ప్రొఫెసరుగా రిటైరయ్యారు. ఆయన్ని మా మునిసిపాలిటీకి 'వ్యూహాత్మక గణిత సలహాదారు'గా వేసుకున్నారు. మొదటి సమావేశంలోనే ఆయన బోర్డు దగ్గర నిలబడి, మావైపు జాలిగా చూశారు.

"వందేళ్ల కిందట, మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో, ఒక ఇంగ్లీషు ఇంజనీరు కనిపెట్టిన సూత్రమిది. సేన పెరిగితే దాని బలం అంతే పెరుగుతుందనుకోవడం పామరుల భ్రమ. బలం సంఖ్యతో కాదు, సంఖ్య వర్గంతో పెరుగుతుంది. పదిమంది బలం పది కాదు, పది పదులు వంద. ఇరవైమంది బలం ఇరవై ఇరవైలు నాలుగువందలు. అంటే మనుషులు రెట్టింపైతే బలం నాలుగింతలు!"

పారిశుధ్య మేస్త్రీ లింగమూర్తి లేచాడు. "సార్, మరి ఇద్దరు వోతే?"

"నాలుగు."

"ఒక్కడు వోతే?"

"ఒకటి."

"ఎవ్వలం పోకపోతే?"

"సున్నా."

లింగమూర్తి ఆశగా కమిషనర్ గారి వైపు చూసి కూర్చున్నాడు. ఆ ఇంజనీరు రాసింది దూరం నుంచి తుపాకులు కాల్చుకునే సేనల గురించనీ, చేతులు కలిపి కొట్టుకునే చోట ఈ లెక్క పనిచేయదనీ పరాంకుశం గారే చివర్లో కాస్త గొంతు తగ్గించి చెప్పారు. అప్పటికి టీ వచ్చింది. ఎవరూ వినలేదు.

కోతులను లెక్కపెట్టించారు. అవి కదలకుండా కూర్చునే రకం కాదు కాబట్టి కొన్ని రెండుసార్లు లెక్కలోకి వచ్చాయి, కొన్ని రానే లేదు. చివరకు కమిషనర్ గారు నాలుగువందలని నిర్ణయించారు. వర్గం కట్టడానికి సులువని. శత్రుబలం లక్షా అరవైవేలు. మా ఊరి సిబ్బంది, చెత్త ఊడ్చేవాళ్ల నుంచి కమిషనర్ దాకా, పరాంకుశం గారితో కలిపి రెండువందల పన్నెండు మంది. మా బలం నలభై నాలుగువేల తొమ్మిదివందల నలభై నాలుగు. మర్నాడే ఉత్తర్వు అంటించారు.

'ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, పురపాలక సంఘమునందలి సమస్త సిబ్బందిని సమీకృత వానర నిరోధక దళముగా ఏకీకృతము చేయడమైనది. బలమును విభజించుట బలమును నాశనము చేయుటతో సమానము గనుక, దళసభ్యులు ఏ పని నిమిత్తమైనను ఒంటరిగాగాని, జట్లుగాగాని సంచరించరాదు. సంచరించినచో అందరూ కలిసి సంచరించవలెను.'

ఆ రోజు నుంచి ఎటు కదిలినా రెండువందల పన్నెండు మందిమి కదిలాం. నేతకార్మికుల కాలనీలో వీధిదీపం పోతే అందరం వెళ్లాం. ఒకడు స్తంభం ఎక్కాడు, మిగతావాళ్లం తలలెత్తి చూశాం. ఎక్కినవాడు దళం నుంచి విడిపోయినట్టా కాదా అని అనుమానం వచ్చింది. 'పైకి విడిపోవుట విభజన కాదు, పక్కకు విడిపోవుటయే విభజన' అని కమిషనర్ గారు సాయంత్రానికి వివరణ ఇచ్చారు. పాతబజారులో ఒక ముసలమ్మ, వంటింట్లో కోతులు దూరాయని మొత్తుకుంటే పరుగున వెళ్లాం. ఆ సందు ఇద్దరు పక్కపక్కన నడవలేనంత ఇరుకు. దళం ముందు భాగం ఆమె గడప దగ్గర ఉంటే, వెనక భాగం ఇంకా బస్టాండు దగ్గరే ఉంది. కోతులు అన్నం తిని, చేతులు నాక్కుని, మా తలల మీదుగా గోడలెక్కి పోయాయి.

"గింతమంది వచ్చిండ్రు, అన్నం నేనే పెడుదును గద!" అంది ముసలమ్మ.

ఈ యుద్ధం మధ్యలో నాకు పెళ్లి కుదిరింది.

అప్పటికి పదిహేడు పెళ్లిచూపులు చూశాను. అందరూ నా తలవైపు చూసి నవ్వును దాచుకున్నవాళ్లే. మమత మాత్రం దాచుకోలేదు. హాయిగా నవ్వేసి, "ఇట్ల ఉంటే నూనె ఖర్చు కలిసొస్తది" అంది. వాళ్లది మాకు రెండు కోసుల దూరంలోని ఊరు. జిరాక్సు, ఆన్‌లైన్ అప్లికేషన్ల షాపు నడుపుతుంది. నాకు ఆమె అంటే ఇష్టం. దాచడానికేముంది, చాలా ఇష్టం. వాళ్ల నాన్న అంబదాసు గారు ముహూర్తం పెట్టించారు. నేను సెలవు చీటీ పట్టుకుని కమిషనర్ గారి దగ్గరికి వెళ్లాను.

"శుభం. కాని నువ్వు వెళితే మనకు తగ్గేదెంతో తెలుసా?" అన్నారు కమిషనర్ గారు.

"ఒక్కణ్ణి సార్."

పరాంకుశం గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "నాయనా, రెండువందల పన్నెండు వర్గంలోంచి రెండువందల పదకొండు వర్గాన్ని తీసేయి. నాలుగువందల ఇరవైమూడు. నువ్వొక్కడివి పోతే నాలుగువందల ఇరవైమూడు బలం పోతుంది."

"మన ఆఫీసులోనే అంతమంది లేరు కదండీ!"

"అదే గణితం గొప్పతనం" అన్నారాయన.

కమిషనర్ గారు చీటీ మీద 'విశాల ప్రజాప్రయోజనాల దృష్ట్యా తిరస్కరించడమైనది' అని రాశారు. ఆ ముహూర్తం పోయింది. పీటల మీద కూర్చోవలసిన సమయానికి నేను సంతలో రెండువందల పదకొండు మందితో కలిసి ఒక చచ్చిన కుక్కను తీస్తున్నాను. ఆ సాయంత్రం మమత ఫోన్ చేసింది.

"నిజం చెప్పు. ఇష్టం లేదా?"

"ఉన్నది. నీ మీద ఒట్టు."

"మరి?"

"నేను వస్తే నాలుగువందల ఇరవైమూడు తగ్గుతదట."

"నువ్వు రాకపోతే నాకు ఒకటే తగ్గుతది. కని నాకున్నది గా ఒకటే" అని ఫోన్ పెట్టేసింది. నాకు ఏడుపొచ్చింది. ఏడుద్దామంటే ఒంటరిగా ఉండే వీలు లేదు. రెండువందల పదకొండు మంది చూస్తూ ఉంటే ఎవడికి ఏడుపు వస్తుంది?

ఇక్కడ పరాంకుశం గారు అసలైన అస్త్రం తీశారు. బలాన్ని విడగొడితే నాశనమవుతుందన్నది మనకే కాదు, శత్రువుకూ వర్తిస్తుంది కదా! నాలుగువందల కోతులు ఒక్కచోట ఉంటే లక్షా అరవైవేలు. వాటిని నాలుగు గుంపులు చేస్తే? గుంపుకు వంద. వంద వర్గం పదివేలు. నాలుగు పదివేలు నలభైవేలు.

"ఒక్క కర్ర ఎత్తకుండా శత్రుబలంలో మూడు వంతులు తెగ్గొట్టవచ్చు. మన నలభై నాలుగువేల తొమ్మిదివందల ముందు వాళ్ల నలభైవేలు ఆగవు. గెలుపు మనదే. యుద్ధం ముగిసేసరికి మన పక్షాన డెబ్బైమంది మిగులుతారు" అన్నారు.

లింగమూర్తి మెల్లగా చెయ్యెత్తాడు. "సార్, మిగిలిన నూట నలభై రెండు మంది యాడికి వోతరు?"

"లెక్కలో పోతారు."

"లెక్కల పోయినా, ఇంటికి జీతం వోతదా సార్?"

దానికి ఫైనాన్సు విభాగం నుంచి స్పష్టత రావలసి ఉందన్నారు కమిషనర్ గారు.

సరే, కోతులను నాలుగు గుంపులుగా విడగొట్టడమెలా? అవి ఉత్తర్వులు చదవవు. నాలుగు దిక్కులా నాలుగు చోట్ల అరటిపండ్లు పెడితే వాటంతటవే పంచుకుంటాయని తీర్మానించారు. ట్రాక్టరు నిండా అరటిపండ్లు వచ్చేవి. ట్రాక్టరు ముందు, మేమందరం వెనక. రోజూ పొద్దున్నే నాలుగు చోట్లా వడ్డన. కోతులు నిజంగానే నాలుగు గుంపులయ్యాయి. కమిషనర్ గారు ఆనందంతో పత్రికలవాళ్లను పిలిచి, 'శత్రుశ్రేణుల్లో చీలిక' అని ప్రకటన ఇచ్చారు.

ఆ చీలిక వార్త చుట్టుపక్కల కోతులకు ఎలా తెలిసిందో తెలియదు. నెల తిరిగేసరికి మూడు మండలాల కోతులు మా ఊరికి చేరాయి. మళ్లీ లెక్కపెడితే ఎనిమిదివందలు. అవి ట్రాక్టరు చప్పుడు వినబడితే చాలు, ఎదురొచ్చి బానెట్ మీద ఎక్కి కూర్చునేవి. శత్రుబలం ఇప్పుడు నాలుగు గుంపులుగా లెక్కవేసినా లక్షా అరవైవేలు. అంటే ఇంత ఖర్చు పెట్టి మొదటికే వచ్చాం. "ఇప్పుడొక్కడు తగ్గినా ప్రమాదమే" అని నా రెండో సెలవు చీటీని కూడా కొట్టేశారు. రెండో ముహూర్తం కూడా పోయింది.

ఈసారి ఫోన్ అంబదాసు గారే చేశారు. "సంపతూ, నువ్వు మంచోనివే. కని బిడ్డకు ఇరవై తొమ్మిది నిండినయి. రెండుసార్లు లగ్గం పెట్టుకున్నం, రెండుసార్లు చుట్టాలకు మొఖం చూపలేకపోయినం. వచ్చే శుక్రవారం ఆఖరు మూర్తం. నువ్వొస్తే నీకు. రాకపోతే జగిత్యాల సంబంధం ఇంక చేతులనే ఉన్నది. కోపం చేసుకోకు."

నేను ఈసారి చీటీ రాయలేదు. కమిషనర్ గారి టేబుల్ ముందు నిలబడి, "సార్, నా పెళ్లి పోతోంది. నా బతుకు పోతోంది. నేను ఒక్కణ్ణి పోతే మీకు బలం పోతుందన్నారు. అందరం కలిసి పోతే పోదు కదా?" అన్నాను. నోటికొచ్చింది అన్నానే తప్ప అందులో ఆలోచనేమీ లేదు.

వాళ్లిద్దరూ మొహాలు చూసుకున్నారు. పరాంకుశం గారు పెన్ను తీశారు. "దళం విడిపోవడం లేదు. కాబట్టి నష్టం సున్నా. గణితపరంగా అభ్యంతరం కనిపించదు" అన్నారు.

ఉత్తర్వు వచ్చింది. 'శ్రీ దూస సంపత్ వివాహమును దళవిన్యాసముగా పరిగణించి, సమస్త సిబ్బంది, వాహన సామగ్రి సహితముగా తరలవలెను.' వాహన సామగ్రిలో అరటిపండ్ల ట్రాక్టరు కూడా ఉందని మాకెవరికీ తట్టలేదు.

శుక్రవారం పొద్దున పదిన్నర దాటాక ఆడపెళ్లివారి ఊరి ఫంక్షన్ హాలు ముందు ఎదుర్కోళ్లు. మా వైపు ఇరుపక్షాలూ మేళతాళాలతో ఎదురెదురుగా వచ్చి, బుక్కా గులాలు చల్లుకుని, అత్తరు పూసుకుని, అప్పుడు లోపలికి వెళ్లడం ఆనవాయితీ. అటునుంచి అంబదాసు గారు అరవైమంది చుట్టాలతో నవ్వుతూ వచ్చారు. ఇటునుంచి చీపుళ్లు, నిచ్చెనలు, లాఠీలతో రెండువందల పన్నెండు మందిమి. ఆయన నవ్వు అక్కడే ఆగిపోయింది.

"నూరుమందని చెప్తిరి గద అల్లుడూ, కూర నూరుమందికే వండిచ్చిన!"

పరాంకుశం గారు ఈ ఆనవాయితీని మొదటిసారి చూస్తున్నారట. రెండు పక్షాలను పరకాయించి చూసి కమిషనర్ గారితో పైకే అన్నారు. "పరిస్థితి మనకు సంపూర్ణంగా అనుకూలం. సంఘర్షణ మొదలైతే మనవాళ్లు తొమ్మిదిమందికి మించి పోరు. వాళ్లలో ఒక్కరూ మిగలరు."

"ఎవలయ్యా ఈ పెద్దమనిషి? లగ్గానికొచ్చిండా, ఇంకొకందుకొచ్చిండా?" అన్నారు అంబదాసు గారు. ఆయన బామ్మర్దులు ఇద్దరు చొక్కా చేతులు మడిచారు. నేను మధ్యలోకి ఉరికి వాళ్ల కాళ్లు పట్టుకోబోతుంటే, వెనక నుంచి బ్యాండు వాళ్ల డప్పులను మించిన కలకలం వినిపించింది.

ట్రాక్టరు వెనక కోతులు వచ్చేశాయి. నాలుగు గుంపులూ ఒక్కటై వచ్చాయి. రోడ్డు కనిపించలేదు. ప్రహరీగోడ మీద, షామియానా మీద, జనరేటరు మీద, పెళ్లికారు మీద, ఎక్కడ చూస్తే అక్కడ కోతులే. చుట్టాలు పిల్లలను చంకనేసుకుని హాల్లోకి ఉరికారు. బ్యాండువాళ్లు డప్పులు వదిలేసి పోతే వాటిని కోతులు వాయించడం మొదలుపెట్టాయి. మేం దళంగా, ఉత్తర్వు ప్రకారం, ఒకరినొకరం ఒరుసుకుని మధ్యలో నిలబడిపోయాం. అందరం ఒక్కచోట ఉండేసరికి ఎవడికీ కర్ర ఎత్తే చోటు లేదు.

"ఎనిమిదివందలు, ఏకమొత్తంగా" అన్నారు పరాంకుశం గారు. "వర్గం ఆరులక్షల నలభైవేలు. మనది నలభై నాలుగువేలు. మనం సంపూర్ణంగా తుడిచిపెట్టుకుపోతాం. వాటిలో ఏడువందల డెబ్బై ఒకటి క్షేమంగా ఉంటాయి."

కమిషనర్ గారు షామియానా స్తంభం పట్టుకుని ఆజ్ఞాపించారు. "దళం తక్షణమే ఉపసంహరించబడుతున్నది! అందరూ ఆఫీసుకు తరలవలెను. పెళ్లికొడుకు సహా!"

"సార్, ముహూర్తం పదకొండు పద్నాలుగుకు. ఇంకా పది నిమిషాలే!"

"నువ్వు ఆగితే నాలుగువందల ఇరవైమూడు తగ్గుతుందయ్యా, వెనక్కి తగ్గేటప్పుడు ఆ మాత్రం బలం ఉండొద్దూ?"

బాసికం కట్టుకున్న నన్ను ఇద్దరు రెక్కలు పట్టుకుని లాగుతున్నారు. అంబదాసు గారు ఫోన్ తీశారు. జగిత్యాలకే చేస్తున్నారని నాకు తెలిసిపోయింది. అప్పుడు మమత బయటికొచ్చింది. పసుపు చీర, నుదుట బాసికం, కళ్లలో నిప్పులు. తిన్నగా కమిషనర్ గారి ముందుకొచ్చి నిలబడింది.

"ఓ సారూ! ఎక్కువమంది ఒక్కకాడ ఉంటే బలం అంటున్నరు. అంత సక్కటి లెక్క ఉన్నప్పుడు ఆ కోతులను గూడ మీలనే కలుపుకోరాదుండ్రి? లొల్లి వోతది. నా లగ్గమన్న అయితది!"

తిట్టాలనే అంది. మాకందరికీ అర్థమైంది. పరాంకుశం గారికి మాత్రం అర్థం కాలేదు. ఆయన కాసేపు ఆకాశంలోకి చూశారు. పక్కనున్న విస్తరాకు లాక్కుని దానిమీద పెన్నుతో లెక్క వేశారు.

"రెండువందల పన్నెండుకు ఎనిమిదివందలు కలిపితే వెయ్యిన్నీ పన్నెండు. వర్గం... పదిలక్షల ఇరవై నాలుగువేల నూట నలభై నాలుగు!"

"మరి శత్రుబలం?" అన్నారు కమిషనర్ గారు.

"సున్నా."

కమిషనర్ గారి కళ్లు చెమర్చాయి. అక్కడికక్కడే, షామియానా కింద నిలబడి, ఎనిమిదివందల వానరాలను పొరుగుసేవల ప్రాతిపదికన దళంలో నియమిస్తూ ఉత్తర్వు చెప్పారు. రిజర్వేషన్ రోస్టరు సంగతి తర్వాత చూసుకోవచ్చన్నారు. జీతం ఎట్లా అని లింగమూర్తి అడిగితే, అరటిపండ్లు ఇప్పటికే బడ్జెట్లో ఉన్నాయన్నారు. శత్రువు లేడు కాబట్టి యుద్ధం లేదు. యుద్ధం లేదు కాబట్టి వెనక్కి తగ్గనక్కర్లేదు. నా రెక్కలు వదిలేశారు.

పదకొండు పద్నాలుగుకు మమత మెడలో తాళి కట్టాను. తలంబ్రాలు ఎక్కువభాగం కొత్త సిబ్బంది తినేశారు. నూరుమందికి వండిన కూర వెయ్యికి పైబడినవాళ్లకు సరిపోలేదు, అందుకు అంబదాసు గారు ఇప్పటికీ నన్ను క్షమించలేదు. కానీ ఆయన ఫోన్ జేబులో పెట్టుకున్నారు. నాకు అది చాలు. మమత నావైపు చూసి, మొదటిరోజు నవ్వినట్టే నవ్వింది.

మా విజయం గురించి పై నుంచి ప్రశంసాపత్రం వచ్చింది. రాష్ట్రంలో కోతుల బెడద పూర్తిగా తొలగిన ఏకైక పట్టణం మాదట. నిజమే. కోతులున్నాయి గాని, అవి సిబ్బంది. ఎవరింట్లో దూరినా అది తనిఖీ కిందికి వస్తుంది. పాతబజారు ముసలమ్మ ఫిర్యాదు ఇస్తే 'శాఖాపరమైన విషయం' అని తిప్పి పంపారు.

పెళ్లయిన మూడోనాడు, అత్తగారింట్లో మూడు నిద్రలకు సెలవు అడిగాను. పరాంకుశం గారు నిట్టూర్చారు. "ఇప్పుడు మన సంఖ్య వెయ్యిన్నీ పన్నెండు నాయనా. నువ్వొక్కడివి పోతే రెండువేల ఇరవైమూడు తగ్గుతుంది. బలం పెరిగేకొద్దీ మనిషి విలువ ఎలా పెరుగుతుందో చూశావా?"

కొత్త సిబ్బంది మాత్రం ఏ చీటీ రాయకుండానే వస్తున్నారు, పోతున్నారు. ఆ సంగతే మమతకు చెప్పుకుని బాధపడ్డాను. ఆమె సంచీ సర్దడం ఆపకుండానే అంది. "అవి అడుగుతున్నయా? లేదు. నువ్వెందుకు అడుగుతున్నవ్? పద, బస్సుకు టైమైతంది."

పోయాం. మూడు రోజులు ఉన్నాం. నా జీవితంలో అంతకంటే మంచి మూడు రోజులు లేవు. మధ్యమధ్య నా ఉద్యోగం ఊడినట్టే అని లేచి కూర్చునేవాణ్ణి, మమత ఏదో ఒకటి అని నవ్వించేది. చివరిరోజు ఉండబట్టలేక లింగమూర్తికి ఫోన్ చేశాను.

"నా గురించి అడిగిండ్రా అన్నా?"

"పొద్దుగాల మేడ మీదికెల్లి తలకాయలు లెక్కవెడుతున్నరు కమిషనర్ సారు. మూడు రోజులసంది ఒక్కటి గూడ తక్కువ రాలే. నీ జాగల ఒక ముసలి కోతి వచ్చి కూసుంటున్నది. కదలదు, మెదలదు. నిన్న సారు దాని దిక్కు వేలు చూపెట్టి అందరికి చెప్పిండు. లగ్గమైనంక సంపత్ మస్తు క్రమశిక్షణల పడ్డడని."